పెళ్ళికొడుకు పక్కన నిలబడ్డవాడికి ఏమివ్వాలి?

తెలుగువాళ్ళ వంటింట్లో అరమీద బోర్లించిన స్టీలు గిన్నెల్లో ఒకదాన్ని తీసి అంచు కింద చూస్తే చుక్కచుక్కలుగా చెక్కిన అక్షరాలు కనిపిస్తాయి. ఎవరో ఇద్దరి పేర్లు, ఒక ఊరి పేరు, ఒక తేదీ. ఫలానావారి పెళ్ళికి ఫలానావారు ఇచ్చిన గిన్నె అన్నమాట. ఇచ్చినవాళ్ళలో కొందరు ఇప్పుడు లేకపోవచ్చు. పుచ్చుకున్నవాళ్ళు మూడు ఇళ్ళు మారి ఉండవచ్చు. గిన్నె మాత్రం రోజూ పొయ్యెక్కి దిగుతూనే ఉంటుంది. అదే ఇంటి హాల్లో అద్దాల బీరువాలో బంగారు పూత వెలిసిపోయిన జంట హంసలు, ఆగిపోయిన గోడగడియారం, పెట్టెలోంచి ఎన్నడూ బయటికి తీయని గాజు బొమ్మ కూడా ఉంటాయి. కొన్నప్పుడు వాటి ధర గిన్నె కంటే ఎక్కువే. అవి ఎవరిచ్చారో మాత్రం ఇంట్లోవాళ్ళకు గుర్తుండదు. పెళ్ళిలో తన వెంట నిలిచిన స్నేహితులకు పెళ్ళికొడుకు ఏమివ్వాలన్న ప్రశ్న ఈమధ్య మన ఇళ్ళలో గట్టిగానే వినిపిస్తోంది. దానికి జవాబు ఈ గిన్నెకూ ఆ బొమ్మకూ మధ్య ఉన్న తేడాలోనే ఉంది. కానుక మన్నేది ధర వల్లా కాదు, దానిమీద వేయించిన ఫొటో వల్లా కాదు. రోజూ చేతికి తగలాలి, పాడైతే బాగుచేయించుకునే వీలుండాలి. ఈ రెండూ ఉన్న వస్తువు చవకగా దొరికినా నిలుస్తుంది, లేనిది ఎంత పోసి కొన్నా అటక ఎక్కుతుంది.

మన సంప్రదాయంలో స్నేహితుడు పుచ్చుకునేవాడు కాదు, ఇచ్చేవాడు. తోడిపెళ్ళికొడుకుగా కూర్చునేది సాధారణంగా తమ్ముడి వరసో మేనల్లుడి వరసో అయిన చిన్నపిల్లవాడు, వాడికి కొత్తబట్టలు కుడతారు. బావమరిదికి బట్టలు, ఆడపడుచుకు లాంఛనాలు, పెద్దలకు తాంబూలాలు ఉంటాయి. వీటన్నిటికీ బంధుత్వమే ఆధారం. స్నేహితులు చదివింపుల దగ్గర తమ పేరూ అంకే చదివించుకుని, పంక్తిలో వడ్డన చేసి, విడిదిలో మంచాలు మోసి, చివరి బస్సుకు వెళ్ళిపోయేవారు. పాశ్చాత్య పద్ధతికి ముందుగా దగ్గరైనవి తెలుగు క్రైస్తవుల పెళ్ళిళ్ళు. చర్చిలో పెళ్ళికొడుకు పక్కన ఒకరు నిలబడటం అక్కడ ఎప్పటినుంచో ఉంది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం జరిగే పెళ్ళికి కనీసం ఇద్దరు సాక్షులుండాలి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటే ముగ్గురు సాక్షులు సంతకం పెట్టాలి. కులమో మతమో అడ్డొచ్చి ఇంటివాళ్ళు రాని పెళ్ళిళ్ళలో ఆ మూడు సంతకాలూ చాలాసార్లు స్నేహితులవే. కాబట్టి ఒకే రంగు కుర్తాలు వేసుకుని ఫొటోల్లో నిలబడే మిత్రబృందాన్ని చూసి ఇదంతా అమెరికా నుంచి దిగిన మోజని కొట్టిపారేయనక్కర్లేదు. ఆ వరస కొత్తదే. పక్కన నిలబడేవాడు మాత్రం పాతవాడే, ఇన్నాళ్ళూ అతనికి ఒక పేరూ ఒక మర్యాదా లేకుండా ఉండిపోయాయి. ఆ మర్యాద చేయాలనుకోవడం మంచి మార్పు. ఎలా చేయాలన్నదే చూడవలసింది.

ఈ ఆనవాయితీ బాగా పాతుకున్న చోట ఏం జరిగిందో చూస్తే మనకు పనికొచ్చే పాఠం ఒకటి దొరుకుతుంది. 1840లో విక్టోరియా రాణి పెళ్ళిలో ఆమె వస్త్రపు అంచు పట్టుకుని నడిచిన పన్నెండుమంది అమ్మాయిలకు గద్ద ఆకారంలో చేయించిన పచ్చనీలపు రాళ్ళ బ్రూచీలు ఇచ్చారు. వాటిలో ఒకటి ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అది రాజుల సొమ్ము, దాన్ని పక్కన పెట్టవచ్చు. మామూలు గృహస్థులకు దగ్గరగా ఉన్న సాక్ష్యం 1922లో ఎమిలీ పోస్ట్ రాసిన మర్యాదల పుస్తకం. అమెరికాలో ఒక తరమంతా పెళ్ళి పద్ధతులకు దాన్నే చూసుకుంది. పెళ్ళికొడుకు తన స్నేహితులకు ఇవ్వదగినవిగా ఆమె చెప్పిన వస్తువులు చొక్కా చేతుల గుండీలు, టై పిన్నులు, వెండి పెన్సిళ్ళు, బెల్టు బకిల్సు, తాళాల గొలుసులు, సిగరెట్ పెట్టెలు, నోట్లు పెట్టుకునే తోలు మడతలు. అన్నీ చిన్నవే, ఒంటిమీదో జేబులోనో ఉండేవే. నూరేళ్ళ తర్వాత ఆ జాబితా చదివితే సగం వస్తువులకు ఇప్పుడు పనే లేదు. వెండి సిగరెట్ పెట్టె ఈనాటికీ చెక్కుచెదరకుండా ఉండవచ్చు, దాన్ని జేబులో వేసుకునే అలవాటే పోయింది. తాళాల గొలుసు, పర్సు, పెన్సిలు మాత్రం ఈనాటికీ చేతిలో ఉన్నాయి. అంటే వస్తువుకు రెండు ఆయుష్షులున్నాయి. ఒకటి లోహానిది, రెండోది వాడకానిది. రెండింటిలో ఏది ముందు తీరితే కానుక అప్పుడే తీరిపోతుంది. దుకాణంవాడు మనకు మొదటి ఆయుష్షు గురించే చెబుతాడు. రెండోది మనమే ఆలోచించుకోవాలి. ఉద్యోగానికి టీషర్టు వేసుకుని వెళ్ళే కుర్రాడికి చేతిగుండీలు ఎందుకన్న ప్రశ్న ఏ ప్రకటనలోనూ ఉండదు.

ధర సంగతి చూద్దాం. ఖరీదు పెరిగేకొద్దీ పుచ్చుకున్నవాడి సంతోషం పెరుగుతుందని ఇచ్చేవాళ్ళందరూ నమ్ముతారు. స్టాన్‌ఫర్డ్‌లో ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ ఈ నమ్మకాన్నే పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. ఇచ్చినవాళ్ళు ధరకూ మెప్పుకూ లంకె ఉందనుకున్నారు, పుచ్చుకున్నవాళ్ళ మాటల్లో ఆ లంకె కనబడలేదు. 2014లో ఎర్నెస్ట్ బాస్కిన్, అతని తోటివారు ఇంకో తేడా చూపారు. ఇచ్చేవాడు వస్తువు ఎంత గొప్పగా ఉందో చూస్తాడు, పుచ్చుకునేవాడు దాన్ని వాడుకోవడం ఎంత సులువో చూస్తాడు. మన పెళ్ళిళ్ళలో ఈ తేడా కళ్ళకు కట్టినట్టే ఉంటుంది. డాలస్ నుంచి వారం రోజుల సెలవు మీద వచ్చిన స్నేహితుడికి అయిదు కిలోల ఇత్తడి దీపపు సెమ్మె ఇస్తే, ఇచ్చినవాడికి అది గొప్ప కానుక. పుచ్చుకున్నవాడికి ఇరవైమూడు కిలోల పెట్టెలోంచి అమ్మ పెట్టిన ఆవకాయా పొడులూ తీసి పక్కన పెట్టవలసిన పరిస్థితి. ఆ సెమ్మె చివరికి ఊళ్ళో అమ్మానాన్నల దగ్గరే ఉండిపోతుంది. ఇచ్చినవాడి ప్రేమలో లోపం లేదు. చూడవలసిన చోట చూడలేదు, అంతే.

అసలు వస్తువెందుకు, డబ్బే ఇస్తే సరిపోదా అనే వాదన చిన్నది కాదు. నూటపదహార్లు, వెయ్యినూటపదహార్లు కవర్లో పెట్టి ఇవ్వడం మనకు అలవాటైన మర్యాదే. ఆర్థికశాస్త్రం కూడా ఒక రకంగా ఆ పక్షానే ఉంది. జోయెల్ వాల్డ్‌ఫోగెల్ 1993లో యేల్ విద్యార్థులను అడిగి చూసి, కానుకకు పెట్టిన ఖర్చులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా పుచ్చుకున్నవాడి దృష్టిలో వృథాయేనని లెక్క తేల్చాడు. ఆ మాట ప్రపంచమంతా తిరిగింది. ఆ వ్యాసంలోనే ఉన్న ఇంకో సంగతిని చాలామంది వదిలేశారు. దూరపు బంధువులూ తాతలూ అమ్మమ్మలూ ఇచ్చిన కానుకల్లో వృథా ఎక్కువ, స్నేహితులిచ్చిన వాటిలో తక్కువ. పైగా వస్తువుతో ముడిపడ్డ అభిమానాన్ని పక్కన పెట్టి విలువ చెప్పమని ఆయన అడిగాడు. 1996లో ఆ వ్యాసం వచ్చిన పత్రికలోనే సోల్నిక్, హెమెన్‌వే అనే ఇద్దరు అలాంటి లెక్కే మళ్ళీ వేస్తే, పుచ్చుకున్నవాళ్ళు ధరకు మించిన విలువ కట్టారు. ఈ రెండింటినీ కలిపి చదివితే నాకు తోచేది ఇది. ఎదుటివాడి రోజు ఎలా గడుస్తుందో తెలియనివాడు డబ్బివ్వడమే మేలు. తెలిసినవాడు వస్తువిస్తే ఆ తెలియడానికే ఒక విలువ వస్తుంది. పదేళ్ళు ఒకే గదిలో ఉన్న స్నేహితుడికి కవరు చేతిలో పెడితే, అతను చేసిన పనికి కూలి కట్టినట్టు అవుతుంది. పెళ్ళికొడుకు స్నేహితుడిగా నిలబడటం కూలికి చేసే పని కాదు.

ఇక అందుబాటు. ఈ మాట అనగానే పెళ్ళికొడుకు జేబు గురించే ఆలోచిస్తారు. స్నేహితుడి జేబు ముందు చూడాలి. అమెరికాలో పెళ్ళికొడుకు వెంట నిలబడేవాడు సూటు అద్దె, విమానం టికెట్టు, హోటలు గది, పెళ్ళికి ముందు జరిగే విందు ఖర్చు సాధారణంగా తానే పెట్టుకుంటాడు. మన దగ్గరా అదే మొదలైంది. సంగీత్‌కు ఒక రంగు, హల్దీకి పసుపు కుర్తా, పెళ్ళికి షేర్వానీ, ఆపైన గోవా ప్రయాణం. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు ఏడాదిలో నలుగురు స్నేహితుల పెళ్ళిళ్ళకు ఇలా తయారైతే ఎంతవుతుందో వేరే చెప్పాలా? అంత ఖర్చు పెట్టించి చివర్లో పేరు చెక్కిన తాళాల గొలుసు ఇస్తే అది కానుకగా మిగలదు. అందుకే ఈ ప్రశ్నకు నేనిచ్చే మొదటి జవాబు బట్టే. ఒక్కపూట మెరిసి మడతల్లోనే ఉండిపోయే సింథటిక్ షేర్వానీ కొనుక్కోమని స్నేహితులకు చెప్పే బదులు, పెళ్ళికొడుకే మంగళగిరి నూలుబట్ట తీసుకుని, ఒక్కొక్కరి కొలతకు కుట్టించి ఇవ్వవచ్చు. పెళ్ళి వరసలో ఆ రోజుకు కావలసిన ఒకే రంగు వస్తుంది. మర్నాటి నుంచి ఆఫీసుకో పండక్కో వేసుకోవడానికి కుర్తా మిగులుతుంది. స్నేహితుడి ఖర్చు తప్పుతుంది, పెళ్ళికొడుకు వేరే కానుక కొనే పనీ తప్పుతుంది. పోచంపల్లి ఇక్కత్ చొక్కా, పొందూరు ఖద్దరు, నారాయణపేట నూలు ఏదైనా ఇందుకు సరిపోతుంది. చేనేత పేరుతో పవర్‌లూమ్ బట్ట అంటగట్టేవాళ్ళు ఉంటారు కాబట్టి 2006 నుంచి ఉన్న హ్యాండ్లూమ్ మార్కు చీటీ చూసుకోవడం, సహకార సంఘాల దుకాణాల్లో కొనడం మంచిది. ఆషాఢంలో ముహూర్తాలుండవు, బట్టల కొట్లన్నీ తగ్గింపులు పెడతాయి. శ్రావణంలోనో మాఘంలోనో పెళ్ళి ఉన్నవాళ్ళు ఆ నెలలోనే గుడ్డ తీసి పెట్టుకుంటే అదే డబ్బుతో మెరుగైన బట్ట వస్తుంది.

బట్ట కూడా ఎప్పటికో చిరుగుతుంది. దశాబ్దాలు నిలిచేది కావాలన్నవాళ్ళు లోహం వైపు చూడాలి. ఇక్కడే మోసం ఎక్కువ, కాస్త నిలిచి మాట్లాడుకోవాలి. స్టీలంటే ఒక్కటే కాదు. 304 రకంలో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఆ క్రోమియం గాలితో కలిసి పైన కంటికి కనపడని పొరగా ఏర్పడుతుంది, గీత పడినా ఆ పొర మళ్ళీ తనంతట తానే కమ్ముకుంటుంది. గిన్నె యాభై ఏళ్ళు బతకడం వెనుక ఉన్న రహస్యం ఇదే. నికెల్ ఖరీదైనది కనుక దాన్ని తగ్గించి మాంగనీసు కలిపిన 200 వరస రకాలు చవకగా వస్తాయి. కొత్తలో రెండూ ఒకేలా మెరుస్తాయి. విశాఖలోనో కాకినాడలోనో ఉప్పుగాలికి నాలుగేళ్ళుంచితే రెండోదానిమీద గోధుమరంగు మచ్చలు మొదలవుతాయి. అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుందని కొందరంటారు కానీ ఈ రెండు రకాలూ అయస్కాంతానికి పెద్దగా అంటుకోవు కాబట్టి ఆ పరీక్షతో తేలదు. వస్తువు మీద ముద్రించిన రకం సంఖ్య చూడటం, బిల్లు మీద రాయించుకోవడం తప్ప దారి లేదు. మంచి స్టీలు క్యారియరు, నీళ్ళ సీసా, ఫిల్టరు కాఫీకి గ్లాసూ డబరా, ఇవన్నీ మధ్యతరగతి పెళ్ళికొడుక్కి భారం కానివే. హాస్టల్లో కలిసి తిన్న స్నేహితుడికి క్యారియరు ఇవ్వడం చిన్నతనమనుకునేవాళ్ళు, అది రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు అతని చేతిలో ఉంటుందన్న సంగతి ఆలోచించాలి.

ఇత్తడి ఇంకా మంచిది, ఇంకా బరువు. రాగి, జింకు కలిసిన లోహమది. నల్లబడితే చింతపండు పెట్టి తోమితే మళ్ళీ కొత్తదవుతుంది, విరిగితే పోత పోసేవాళ్ళున్నారు, ఎవరికీ అక్కర్లేకపోతే పాతసామాన్ల కొట్లో తూకానికి డబ్బొస్తుంది. జనగామ దగ్గరి పెంబర్తిలోనూ శ్రీకాకుళం జిల్లా బుడితిలోనూ చేతిపని ఇంకా నడుస్తోంది. అక్కడ దేవుడి విగ్రహాలూ పెద్ద కలశాలే కాదు, చిన్న గంటలు, దీపాలు కూడా చేస్తారు. ఇత్తడిలా కనిపిస్తూ జింకు పోతమీద పూత వేసినవి మాత్రం వద్దు. పూత చెమటకు లేచిపోతుంది, కింది లోహం గుల్లలవుతుంది, దాన్ని బాగుచేసే కంసాలి ఎక్కడా లేడు. గిఫ్టు షాపుల్లో పేరు చెక్కి ఇచ్చే తాళాల గొలుసులూ కార్డు పెట్టెలూ చాలావరకు ఈ జాతివే. బీదరు పని వేరు. అదీ జింకూ రాగీ కలిసిన పోతే, కానీ పైన వెండితీగ చెక్కి కూరుస్తారు. బీదరు కోట మట్టిలో నవసాగరం కలిపి రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగా నిలుస్తుంది. ఆ నలుపు పూత కాదు, లోహమే మారిన రంగు. అందుకే నిలుస్తుంది. హైదరాబాదులోనూ ఆ పనివాళ్ళున్నారు. చేతిగుండీలూ చిన్న డబ్బీలూ బీదరు పనిలో దొరుకుతాయి. వెండి మాత్రం 2025 నాటికే కిలో లక్ష రూపాయలు దాటిపోయింది కాబట్టి ఆరుగురు స్నేహితులకు వెండి వస్తువులు ఇవ్వడం ఇక సామాన్యుడికి అందేది కాదు. పలచటి రేకుతో చేసిన వెండిగిన్నె ఇచ్చే బదులు దళసరి స్టీలు గ్లాసు ఇవ్వడంలోనే గౌరవం ఎక్కువ.

తోలు సామాన్లకూ ఇదే కొలత. అసలు తోలు వాడేకొద్దీ చేతికి ఒదుగుతుంది, కుట్టు ఊడితే చెప్పులు కుట్టేవాడు నిమిషాల్లో వేస్తాడు. తంగేడు చెక్కతో తోలు పదును చేయడం దక్షిణ దేశంలో తరతరాల విద్య. పాలియురిథేన్ పొరతో చేసిన తోలులాంటి బట్ట అయితే గాలిలోని తేమకే లోపల్నుంచి విచ్చిపోతుంది, వాడకుండా దాచినా సరే నాలుగైదేళ్ళలో పొలుసులుగా రాలుతుంది. కోస్తా వాతావరణంలో ఇంకా ముందే. చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్స్, స్మార్ట్ గడియారాలు ఇప్పుడు స్నేహితులకు ఎక్కువగా ఇస్తున్నారు, వాటిని మన్నే కానుకల్లో చేర్చలేను. లిథియం బ్యాటరీ వాడినా వాడకపోయినా ముసలిదవుతుంది, మూతవేసిన బుల్లి వస్తువులో దాన్ని మార్చే వీలుండదు. మూడేళ్ళ తర్వాత అది చెత్తే. ఒకప్పుడు మన పెళ్ళిళ్ళలో గడియారానికి ఉన్న చోటు గుర్తుచేసుకోవాలి. హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగుళూరులో గడియారాలు మొదలుపెట్టింది. ఆ గడియారాల సంస్థను మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. కంపెనీ పోయినా తాళం తిప్పే హెచ్‌ఎంటీ గడియారాలు ఈనాటికీ తిరుగుతున్నాయి, ఎందుకంటే వాటిని విప్పి తుడిచి నూనె వేసే మనిషి ప్రతి పట్నంలోనూ ఉన్నాడు. బాగుచేయడానికి వీలుండటమంటే ఇదే.

కలం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం స్వదేశీ ఉద్యమ ప్రేరణతో మొదలుపెట్టిన రత్నం కలాలు ఇప్పటికీ ఎబొనైటు కడ్డీని లేతు మీద తిప్పి చేతితో చేస్తున్నవే. 1935లో గాంధీ ఆ కలం అందుకుని, వాడి చూశానని జాబు రాశాడు. ఎబొనైటంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. ఎండలో వదిలేస్తే రంగు తగ్గుతుంది తప్ప చేతికి వెచ్చగా ఉంటుంది, అంత తేలిగ్గా పగలదు. పాళీ అరిగితే మార్చుకోవచ్చు. ఇప్పుడు ఇంకు కలంతో రాసేదెవరన్నది న్యాయమైన అభ్యంతరమే. రాయని స్నేహితుడికి కలం ఇవ్వకూడదు, ఇస్తే అది వెండి సిగరెట్ పెట్టె దారే పడుతుంది. రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం పెట్టబోయే స్నేహితుడి సంగతి వేరు. ఆ సంతకం దేనితో పెట్టాడో ఆ కలమే అతని దగ్గర ఉండిపోవడానికి అర్థం ఉంది. అధ్యాపకుడో వకీలో వైద్యుడో అయితే మరీ మంచిది.

కొండపల్లి బొమ్మలో, ఏటికొప్పాక లక్కపనులో ఇస్తే మన కళాకారులకు సాయం చేసినట్టవుతుంది కదా అని అడిగేవాళ్ళున్నారు. వారి ఉద్దేశాన్ని గౌరవిస్తాను. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పి, చెట్లనుంచి తీసిన రంగులు లక్కలో కలిపి అద్దే ఆ పనికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది నిలవాలి. కాని ఏ వస్తువు ఎవరి ఇంట్లో ఎక్కడ ఉంటుందన్న ప్రశ్న నుంచి కళ కూడా తప్పించుకోలేదు. ఇద్దరితో గది పంచుకుంటూ ఏడాదికో ఇల్లు మారే కుర్రాడికి దశావతారాల బొమ్మల వరస భారం. చిన్నపిల్లలున్న స్నేహితుడికి అదే ఏటికొప్పాక బొంగరాలూ గిలక్కాయలూ ఇస్తే పిల్లల చేతుల్లో అరిగేదాకా తిరుగుతాయి. బొమ్మ ఆడుకోవడానికే పుట్టింది కాబట్టి అరిగిపోవడమే దాని మన్నిక. కళను దయతో కొంటే ఒకసారి అమ్ముడవుతుంది, వాడకం కోసం కొంటే మళ్ళీ మళ్ళీ అమ్ముడవుతుంది. చేతిపనివాళ్ళకు కావలసింది రెండోదే.

వస్తువుల కంటే అనుభవాలే బంధాన్ని గట్టిపరుస్తాయని వాదించేవాళ్ళ దగ్గర మంచి సాక్ష్యమే ఉంది. సిండీ చాన్, కాసీ మొగిల్నర్ 2017లో ప్రకటించిన పరిశోధనలో కచేరీ టికెట్టులాంటి అనుభవం అందుకున్నవాళ్ళు, వస్తువు అందుకున్నవాళ్ళ కంటే ఇచ్చినవారికి ఎక్కువ దగ్గరయ్యారు. కారణం అనుభవం కలిగించే ఉద్వేగమని వారు తేల్చారు. దాన్ని కాదనను. అయితే పెళ్ళే మూడురోజుల అనుభవం. విడిదిలో తెల్లవార్లూ చెప్పుకున్న కబుర్లూ, జీలకర్రా బెల్లం పెట్టే వేళ వెనకనుంచి ఎవరో గొడుగు సర్దడమూ ఆ స్నేహానికి ఇవ్వవలసింది ఇచ్చేశాయి. దానిమీద ఇంకో ప్రయాణం కలిపితే ఆ ఖర్చులో సగం మళ్ళీ స్నేహితుడిమీదే పడుతుంది. అనుభవం అయిపోయాక దాన్ని పట్టుకుని ఉండటానికి ఒక చిన్న కొక్కెం కావాలి. వస్తువు చేయవలసిన పని అంతే.

మరి పేర్లు చెక్కించవద్దా? వధూవరుల ఫొటో అచ్చేసిన కప్పు ఎవరూ ఆఫీసుకు తీసుకెళ్ళరు. రంగులో అచ్చేసిన పెళ్ళి తేదీ నాలుగు కడుగుళ్ళకు పోతుంది. కాని మొదట చెప్పిన స్టీలు గిన్నె మీద పేరుంది, అయినా గిన్నె వాడకంలోనే ఉంది. అక్కడ పేరు అంచు కింద ఉంది, చిన్నగా ఉంది, లోహంలోకే దిగింది. వస్తువు వాడుకునేవాడిదే, పేరు మాత్రం తిప్పి చూసినవాడికి కనిపిస్తుంది. ఆ కొలత చాలు. పెళ్ళివారి పేర్ల కంటే స్నేహితుడి పేరూ తేదీ చెక్కిస్తే ఇంకా మంచిది. అందరికీ ఒకేలాంటివి ఇవ్వకపోతే పోలికలు వస్తాయనే భయమూ ఉంటుంది. ఎమిలీ పోస్ట్ కాలంలోనే అందరికీ ఒకటి, ముఖ్యుడికి మాత్రం కాస్త మెరుగైనది అనే రాజీ ఉండేది. నా లెక్కలో ఖర్చు అందరికీ ఒకటే ఉంచి వస్తువు ఎవరికి తగ్గది వారికివ్వడం న్యాయం. ఆరుగురు స్నేహితులకు తలకు పదిహేనువందల చొప్పున తొమ్మిదివేలు. మంటపం పూల అలంకరణలో ఒక మూల తగ్గించినా తేలిపోయే మొత్తం. వంట వచ్చినవాడికి ఇనుప పెనం, రోజూ లోకల్ రైల్లో వెళ్ళేవాడికి క్యారియరు, రాసేవాడికి కలం, మిగిలినవాళ్ళకు చేనేత కుర్తా. దానితోపాటు చేత్తో రాసిన ఒక పేజీ ఉత్తరం, అతను ఏ రోజున ఏం చేశాడో పేరుపేరునా చెబుతూ. ఇంత వ్యాసం రాశాక కూడా, ఈ రెండింటిలో ఒకటే ఇవ్వగలనంటే ఉత్తరమే ఇవ్వమంటాను.

ముహూర్తం పెట్టుకున్నవాళ్ళు శుభలేఖల కంటే ముందే స్నేహితులతో ఒకమాట చెప్పేయండి, బట్టలు మీరు కొనుక్కోవద్దని. తర్వాత వాళ్ళు రోజూ ఏం వాడుతున్నారో, అందులో ఏది పాతబడిందో గమనించండి. చేతితో చేసే పనికి వ్యవధి కావాలి. మగ్గం మీంచి బట్ట దిగడానికి, దర్జీ ఆరుగురి కొలతలకూ కుట్టడానికి, లేతు మీద కలం తిరగడానికి వారాలు పడతాయి. మాఘమాసంలో పెళ్ళయితే కార్తికంలోనే పని చెప్పి ఉంచండి.